కుడికాలు ముందు

వేసవి సెలవులు దగ్గర పడితే పెనుకొండలో మా బడికి తల్లులు వస్తారు. పిల్లకు లెక్కలు రావడం లేదని అడగడానికి కాదు. హిందూపురంలోనో ధర్మవరంలోనో సెలవుల్లో నాట్యం నేర్పుతున్నారట, పంపితే మంచిదా చెడ్డదా అని అడగడానికి. పిల్ల గూను తగ్గుతుందా అని ఒకామె అడుగుతుంది. నలుగురిలో సిగ్గు పోతుందా అని ఒకామె, అసలు సిగ్గే లేకుండా పోతుందేమో అని ఇంకొకామె. అందరికీ ఏదో ఒకటి చెప్పి పంపుతాను. అసలు చెప్పాల్సింది మాత్రం చెప్పను. ఆ లాభనష్టాలను ప్రాణం పెట్టి తూచిన మనిషిని నేను ఒక్కామెనే చూశాను. ఆమె పేరు కుళ్ళాయమ్మ. హిందూపురం చింతపండు మండీలో గింజ కొట్టే కూలి.

కుళ్ళాయమ్మ పుట్టింది బత్తలపల్లి దగ్గర ఒక మెట్ట పల్లెలో, గొర్రెలు కాసే ఇంట్లో. ఇద్దరూ ఆడపిల్లలే, మగబిడ్డ లేడు. అలాంటి ఇళ్ళలో ఆ తట్టు ఒక ఆచారం ఉండేది. ఒక కూతుర్ని దేవుడి పేరు చెప్పి బసివిగా విడిచేవారు. ఆ పిల్లకు పెళ్ళి ఉండదు. కొడుకులాగా పుట్టింట్లోనే ఉంటుంది, తల్లిదండ్రులకు తలకొరివి పెడుతుంది, భూమి ఆమె పేర నిలుస్తుంది. చెప్పుకోవడానికి ఎంత గౌరవమో చూడండి! కొడుక్కి ఇచ్చే హక్కులన్నీ ఇచ్చి, ఆడదాని బతుకు మాత్రం ఊరి పాలు చేసేవారు. తర్వాత్తర్వాత చట్టం వచ్చి ఇది తప్పంది. ఆ చట్టం బత్తలపల్లి కూడలి దాకా వచ్చి, అక్కడినుంచి పల్లెకు బస్సు దొరక్క నిలబడిపోయినట్టుంది.

పెద్దపిల్ల కాబట్టి కుళ్ళాయమ్మనే విడవాలి. కానీ ఆమె పాకే వయసులో పొయ్యిలో పడింది. ఎడమచేతి వేళ్ళు కాలి, ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఆ పల్లెలో దేవుడికిచ్చేది ఏదైనా ఊనం లేకుండా ఉండాలి. పొట్టేలును తెచ్చినా చెవి చిరిగిందా, డెక్క వంకరపోయిందా అని పూజారి తిప్పి తిప్పి చూసేవాడు. కుళ్ళాయమ్మ చేతిని కూడా అలాగే పట్టుకుని చూసి, పనికిరాదని వదిలేశాడు. చెల్లెలు దాసమ్మను పిలిచాడు. దాసమ్మ ఒళ్ళు ఎక్కడా మచ్చ లేకుండా ఉంది. ఆమె భుజాన ముద్ర కాల్చి వేశారు.

ఎన్నో ఏళ్ళ తర్వాత కుళ్ళాయమ్మ మా అమ్మతో ఒక మాట అన్నది, నేను పక్కనే ఉండి విన్నాను. "నా చెయ్యి కాలింది కాబట్టి నా బతుకు కాల్లేదు అక్కా. నాకు కాల్సింది దానికి కాలింది."

ఆ కాలిన చేతిని చూసి కూడా కట్టుకున్నవాడు తిప్పేస్వామి. సోమందేపల్లి పక్క పల్లె. మంచివాడే. మంచివాడు అని ఎందుకంటున్నానంటే, ఆయన గురించి చెప్పడానికి నాకు ఇంకేమీ లేదు. గొర్రెల వెంట పోవడం, తల్లి మునెమ్మ చెప్పింది వినడం, ఇవి రెండే ఆయనకు వచ్చిన పనులు. వాళ్ళకు పుట్టింది ఒక్కతే కూతురు, అంజినమ్మ. ఆ తర్వాత కడుపు పండలేదు.

ఇక మీకు అర్థమయ్యే ఉంటుంది. మునెమ్మకు ఒక చేను ఉంది, ఒక మంద ఉంది, మనవడు లేడు. మనవరాలు పెళ్ళి చేసుకుని పోతే అవన్నీ దాయాదుల పాలవుతాయి. అంజినమ్మకు ఏడేళ్ళు వచ్చిన దగ్గర్నుంచి ముసలామె పాట ఒకటే, పిల్లను విడిచేద్దామని. కుళ్ళాయమ్మ కాదనలేదు, ఔననలేదు. ఆ ఏడు వానలు పడలేదు. అదే సాకుగా, కూలికి పోతానని చెప్పి పిల్లను తీసుకుని హిందూపురం వచ్చేసింది. పిల్లను మొదట చేర్చింది బళ్ళో, తను తర్వాత చేరింది మండీలో. అదీ వరస.

మా నాయన ఆ మండీలోనే గుమాస్తా. మా ఇల్లు మండీ వెనకే. అంజినమ్మ, నేను ఒకే తరగతి. ఎండాకాలం వచ్చిందంటే హిందూపురమంతా చింతపండు పులుపు వాసనే. ఆడవాళ్ళు వరసగా కూర్చుని, ముందర బండరాయి పెట్టుకుని, కొయ్యసుత్తితో కాయ మీద కొట్టి గింజ తీసేవారు. సుత్తి చింతచేవతో చేసింది, ఇనుమంత బరువు. సెలవుల్లో పిల్లలు కూడా కొట్టేవారు. అంజినమ్మ కొడితే కళ్ళు మూసుకున్నా తెలిసేది. అందరి చప్పుడూ అడ్డదిడ్డంగా ఉంటే ఆ పిల్ల చప్పుడు మాత్రం ఒక లెక్కలో నడిచేది.

1955 ఎండాకాలంలో బెంగుళూరు నుంచి వత్సలమ్మ అనే నాట్యం టీచరు వచ్చింది. వాళ్ళక్క ఇల్లు హిందూపురంలోనే. సెలవుల్లో ఊరికే కూర్చోలేక, మండీ ఎదుటి సత్రం వసారాలో ఆడపిల్లలకు భరతనాట్యం నేర్పుతానంది. ఊళ్ళో పెద్ద ఇళ్ళల్లో అదే చర్చ. నేర్చుకుంటే పెళ్ళిచూపుల్లో నడక బాగుంటుందని కొందరు. అంతంత తొక్కితే మోకీళ్ళు అరుగుతాయని కొందరు. బోగంమేళం ఆటలు మన పిల్లలకెందుకని ఒక ముసలమ్మ అంటే, ఇప్పుడు కలెక్టరు కూతుళ్ళే ఆడుతున్నారని ఆమె కోడలు. చివరికి ఎదుటింటివాళ్ళు పంపుతున్నారని అందరూ పంపారు. నేను గూనిగా నడుస్తున్నానని మా అమ్మ నన్ను కూడా తోసింది. గూను పోలేదు. ఇప్పటికీ ఉంది.

మొదటిరోజే టీచరు తాళం కొట్టే కర్రను రైల్లో మరిచిపోయి వచ్చింది. ఏం చేయాలో తోచక మండీ వైపు చూసింది. నేను ఉరికి అంజినమ్మను అడిగితే తన సుత్తి పట్టుకుని వచ్చింది. టీచరుకు ఇచ్చి వెళ్ళిపోకుండా స్తంభం పక్కన నిలబడింది. ఆమె "తై యా తై" అని కొడుతుంటే మేము పదిమంది పది రకాలుగా తొక్కుతున్నాం. నా వరకు నేను వడ్లు తొక్కుతున్న ఎద్దునే. స్తంభం పక్కన అంజినమ్మ కాళ్ళు మాత్రం సుత్తి ఎక్కడ పడుతుందో అక్కడే పడుతున్నాయి. టీచరు కొట్టడం ఆపింది. ఆ పిల్లను ముందుకు పిలిచి, మళ్ళీ తొక్కమంది.

"కుడికాలు ముందు," అన్నది. "ఎప్పుడూ కుడికాలే ముందు. అది మరిచిపోకు."

ఆ సాయంత్రం టీచరు కుళ్ళాయమ్మను వెతుక్కుంటూ మండీలోకి వచ్చింది. పిల్లకు ఊరికే నేర్పుతానంది. అది విని కుళ్ళాయమ్మ తల అడ్డంగా ఊపింది. ఎండాకాలమే కూలి దొరికే కాలం, పిల్ల చేతులు కూడా కావాలి. అప్పుడు టీచరు ఇంకో మాట చెప్పింది. బెంగుళూరులో తను పనిచేసే బడికి ఒక హాస్టలు ఉంది. నాట్యం వచ్చిన పేదపిల్లలకు అన్నం, చదువు అక్కడే. ఈ పిల్ల ఈ రెండు నెలల్లో నేర్చుకుంటే, బడి తెరిచే నాటికి తీసుకుపోతానంది.

కుళ్ళాయమ్మ ఆ రాత్రి మా ఇంటికి వచ్చి మా అమ్మ దగ్గర కూర్చుంది. ఆమె తూకం నేను విన్నాను. పంపకపోతే పిల్ల ఇక్కడే ఉంటుంది, ఇక్కడికి మునెమ్మ ఎప్పుడైనా రావచ్చు. పంపితే బెంగుళూరు, అక్కడికి మునెమ్మ చెయ్యి చాలదు. కానీ ఆట నేర్చుకున్న పిల్ల అంటే పల్లెలో ఏమనుకుంటారు? బెంగుళూరు చేరేదాకా పల్లెకు తెలియకుండా ఉంటే చాలు. ఉంటుందా? చాలాసేపు అటూ ఇటూ వేసి, చివరికి లేచి నిలబడింది. బిడ్డ దూరమైనా బిడ్డగానే ఉంటుంది కదా అన్నది.

మర్నాడు టీచరు దగ్గరకు పోయి సరేనన్నది. ఒక్కటే షరతు. "ఏమన్నా నేర్పించుకోమ్మా. గజ్జె మాత్రం కట్టొద్దు. నా బిడ్డకు ఎవురూ గజ్జె కట్టగూడదు."

టీచరు ఒప్పుకుంది. ఎందుకని అడగలేదు. అదే ఆమె చేసిన మొదటి తప్పు. పేదవాళ్ళకు రోషం ఎక్కువ, ఇంకొకరు కొనిచ్చిన గజ్జెలు వద్దంటోంది పాపం అని మా అమ్మతో మెచ్చుకోలుగా చెప్పింది. ఆమెకు ఎరుక ఉన్నది పట్నంలో వేదిక మీద మోగే గజ్జెలు. మా అమ్మకైనా అసలు సంగతి విప్పి చెప్పాలని తోచలేదు. అలాంటివి నలుగురిలో చెప్పుకునే మాటలు కావు మరి.

రెండు నెలలు అంజినమ్మ నేర్చుకుంది. పొద్దున తరగతి, మధ్యాహ్నం నుంచి సుత్తి. కుళ్ళాయమ్మ పొద్దున కూలి మానుకుని సత్రం గుమ్మం దగ్గర కూర్చునేది. కూతురి కాళ్ళనే చూస్తూ ఉండేది. ఆ పిల్ల ఆడుతుంటే నాకు కుళ్ళు పుట్టేది, అంత బాగా ఆడేది. ఇంట్లో మాటా పలుకూ లేని పిల్ల, అడుగు వేస్తే వేరే మనిషి అయిపోయేది. నవ్వేది కూడా. అంజినమ్మ నవ్వు నేను చూసింది ఆ వసారాలోనే.

సెలవులు ముగిసే ముందు ఊరివాళ్ళకు చూపించాలని టీచరు అనుకుంది. సత్రంలో చోటు చాలదని గుడి ముందర పందిరి వేయించారు. ముందుగా గజ్జెపూజ. పళ్ళెంలో గజ్జెలు పెట్టి, పసుపు కుంకాలు చల్లి, కర్పూరం వెలిగించి, గర్భగుడి వైపు తిరిగి ఒక్కొక్క పిల్లకూ కట్టడం. మా అందరివీ మా ఇళ్ళవాళ్ళు తెచ్చినవి. అన్నీ అయ్యాక పళ్ళెంలో ఇంకొక జత మిగిలింది. టీచరు తన చిన్ననాటి గజ్జెలను బెంగుళూరు నుంచి తెప్పించి పెట్టుకుంది. అంజినమ్మను పిలిచింది. కిందికి వంగి, తన చేతులతో ఆ పిల్ల కాళ్ళకు కట్టింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

కుళ్ళాయమ్మ వెనక, మండీ ఆడవాళ్ళ మధ్యలో ఉంది. జనాన్ని తోసుకుని వచ్చేసరికి ముడి పడిపోయింది. పందిరి గుంజ పట్టుకుని అక్కడే కూలబడి ఏడ్చింది. తల్లి సంతోషం చూశారా అని టీచరు పక్కవాళ్ళకు చూపించి తనూ కళ్ళు తుడుచుకుంది. అంజినమ్మ ఆ రోజు ఆడినట్టు ఎవరూ ఆడలేదు. మర్నాడు టీచరు, హాస్టలు తెరవగానే వస్తానని పిల్లకు ముద్దు పెట్టి, రైలెక్కి వెళ్ళిపోయింది. మైసూరు తట్టు కచేరీలకు పోతుందట, బడి తెరిచేదాకా ఎక్కడ ఉండేదీ ఆమె అక్కకే తెలియదు.

ఆ జనంలో సోమందేపల్లి నుంచి సంతకు వచ్చినవాళ్ళు కొందరు ఉన్నారు. వాళ్ళు పల్లెకు తీసుకుపోయిన మాట ఒకటే. తిప్పేస్వామి కూతురికి హిందూపురంలో, గుళ్ళో, దేవుని ఎదుట గజ్జె కట్టినారు.

నాట్యం నేర్చుకున్నది అని ఎవరూ అనలేదు. ఆ మాట వాళ్ళకు రాదు. పెద్ద గుళ్ళల్లో దేవునికిచ్చిన పిల్లలకు గజ్జె కడతారని వాళ్ళు విని ఉన్నారు. గజ్జె కట్టినారు అంటే వాళ్ళకు ఒకటే అర్థం, పిల్లను దేవునికి ఇచ్చేసినారని. రెండోరోజు మొదటి బస్సులోనే మునెమ్మ దిగింది. చేతిలో పసుపు, కుంకుమ, కొత్త రవికగుడ్డ. కోడలి నెత్తిన చెయ్యి పెట్టి దీవించింది. ఇన్నేళ్ళూ నీ మీద అనుమానపడ్డాను, చివరకు నువ్వే దగ్గరుండి జరిపించినావు అన్నది. కుళ్ళాయమ్మ అది ఆట, పిల్లలందరికీ కట్టినారు, కోమట్ల పిల్లలకు కూడా కట్టినారు అని ఎంత చెప్పినా ముసలామె నవ్వుతూనే ఉంది.

పల్లెలో పంచాయితీ పెట్టారు. ఊరి పెద్ద గంగాధరప్ప, వంద ఎకరాల ఆసామి. కుళ్ళాయమ్మ కబురంపితే దాసమ్మ బత్తలపల్లి నుంచి వచ్చింది. అక్కడ జరిగింది కుళ్ళాయమ్మ మా అమ్మకు చెప్పింది. దాసమ్మ అందరి ముందరా నిలబడి భుజం మీది కొంగు తీసి, కాల్చిన మచ్చ చూపించిందట.

"నాకు ఈ ముద్ర ఏసిన పొద్దు గజ్జె యాడ కట్టినారప్పా? మన తట్టు గజ్జె యాడుండాది? అది పట్నమోళ్ళ ఆట. దానికీ దీనికీ ఏమి సంబంధం?"

గంగాధరప్పకు అది తెలియక కాదు. "దేవుని ముందర కట్టినారా, లేదా? అది చెప్పు," అన్నాడు.

కట్టినారు కాబట్టి దాసమ్మ ఏం చెబుతుంది? మునెమ్మ ఒక్క మాటతో ముగించింది. "నేనడిగితే నా కోడలు ఇయ్యలే. దేవుడే పిలుచుకున్నాడు."

వచ్చే పున్నమికి ముద్ర వేయాలని తీర్పు. గజ్జె కట్టిన పిల్లను ఇక ఏ మగవాడూ చేసుకోడు కాబట్టి ఆలస్యం ఎందుకన్నారు. తిప్పేస్వామి తల వంచుకుని కంబళి అంచు పీకుతూ కూర్చున్నాడట. పున్నమి దాకా పిల్ల తన దగ్గరే ఉంటుందని కుళ్ళాయమ్మ అడిగితే అంతవరకు ఒప్పుకున్నారు.

ఆమె తిరిగి వచ్చాక మా అమ్మ పోలీసులకు చెప్పమంది, చట్టం ఉందంది. కుళ్ళాయమ్మ అదీ తూచింది. పోలీసు వస్తాడు, ఒకపూట ఉంటాడు, పోతాడు. ఆ పైన తిప్పేస్వామి గొర్రెలను ఏ బీడులోనూ మేయనియ్యరు, ఏ కుంటలోనూ నీళ్ళు తాగనియ్యరు. పిల్లను ఈ పున్నమికి కాకపోతే వచ్చే పున్నమికి పట్టుకుపోతారు. అయినా ఒక అర్జీ రాసిపెట్టమని మా నాయనను అడిగింది. మా నాయన రాయలేదు. గంగాధరప్ప తోట చింతపండంతా ఈ మండీకే వస్తుంది. నాయన ఆ సంగతి చెప్పకుండా, ఊరి ఆచారాల్లో మనం తలదూర్చకూడదని నీతి చెప్పాడు. నాయనే అయినా, ఆ నీతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పున్నమి ఇంకా నాలుగు రోజులు ఉంది. మిట్టమధ్యాహ్నం. నేను నాయనకు మజ్జిగ తీసుకుని మండీకి పోయాను. కూలివాళ్ళు తిండికి లేచి నీడకు పోయారు. వసారా చివర కుళ్ళాయమ్మ, అంజినమ్మ ఇద్దరే ఉన్నారు. తల్లి ముందర బండ. బండ మీద కూతురి ఎడమపాదం. కాలిన చేత్తో ఆ పాదాన్ని అదిమి పట్టుకుంది. నేను దూరం నుంచి చూసి, ముల్లు తీస్తోందేమో అనుకున్నాను. కుడిచేతిలో సుత్తి లేచింది.

నేను కళ్ళు మూసుకున్నాను, చప్పుడు మాత్రం విన్నాను. చింతకాయ పగిలిన చప్పుడు కాదు.

జనం ఉరికొచ్చేసరికి కుళ్ళాయమ్మ కూతుర్ని ఒళ్ళోకి తీసుకుని ఉంది. చెయ్యి జారింది అన్నది. ఆస్పత్రిలోనూ అదే చెప్పింది. అందరూ నమ్మారు, ఒంటిచేత్తో పనిచేసే మనిషి కదా. నేను చూసింది మా అమ్మకు చెబితే, అమ్మ నా నోరు మూసి చాలాసేపు నన్ను పట్టుకునే కూర్చుంది. ఎందుకు చేసిందో ఆ రోజే నాకు చెప్పింది. పదకొండేళ్ళ పిల్లకు అర్థమయ్యేలా చెప్పడం ఆమెకు చాతకాలేదు. ఊనం ఉన్నది దేవునికి పనికిరాదు అన్నది అంతే.

ఎముక తర్వాతెప్పుడో అతుక్కుంది గానీ, పాదం లోపలికి మెలిపడే ఉండిపోయింది. కట్టు ఇంకా పచ్చిగా ఉండగానే, పున్నమి ముందురోజు మునెమ్మ వచ్చింది. కట్టు విప్పించి, పాదాన్ని అరచేతిలోకి తీసుకుని, ఇటు తిప్పి అటు తిప్పి చూసింది. కుళ్ళాయమ్మ చిన్ననాడు పూజారి ఆమె చేతిని చూసింది ఎలాగో నాకు తెలియదు కానీ, ఇలాగే చూసి ఉంటాడు. చూసి కింద పెట్టేసింది. కోడలి మొహంలోకి చూసింది. ముసలామె తెలివైనది, ఆమెకు చెయ్యి జారిన కథ చెప్పనక్కర్లేకపోయింది. మంచినీళ్ళు కూడా తాగకుండా బస్సెక్కింది.

ఆ ఏడే తిప్పేస్వామికి రెండో పెళ్ళి చేసింది. మగపిల్లవాడు పుట్టాడు. చేనుకు వారసుడు దొరికాడు కాబట్టి అంజినమ్మ జోలికి ఇక ఎవరూ రాలేదు. కుళ్ళాయమ్మ జోలికి మొగుడు కూడా రాలేదు. బడి తెరిచే నాటికి వత్సలమ్మ టీచరు అన్నమాట ప్రకారం వచ్చింది. మండీ గుమ్మంలో నిలబడి పిల్ల కాలు చూసి, ఎంత పని జరిగింది, ఎంత దురదృష్టం అని ఏడ్చింది. ఆమెకు ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆమె గజ్జెలు కుళ్ళాయమ్మ తిరిగి ఇచ్చేసింది. అంతే, మరుసటి ఏడు ఆమె రాలేదు.

నేను కుళ్ళాయమ్మతో మాట్లాడటం మానేశాను. కారణం తెలిసినా మానేశాను. ఇంకేదైనా చేసి ఉండకూడదా అని నా కోపం. ఏం చేసి ఉండాలో ఇప్పటికీ నాకు తెలియదు, కోపం మాత్రం ఉంది. ఆమె తర్వాత సుత్తి ముట్టలేదు. మండీలోనే నీళ్ళు మోసింది, తట్టలు మోసింది, గింజ మాత్రం కొట్టలేదు. అంజినమ్మ ఎస్సెల్సీ దాకా చదివింది. పదిహేడేళ్ళకు ధర్మవరంలో చిన్నస్వామి అనే అతను చేసుకున్నాడు. సంతల్లో కంబళ్ళు అమ్ముతాడు. కాలు చూసే చేసుకున్నాడు, మంచి మనిషి. ఈసారి మంచి మనిషి అన్నది నిజంగానే అంటున్నాను. కుళ్ళాయమ్మను కూడా వాళ్ళింటికే తెచ్చుకున్నారు.

1968 మే నెలలో నేను పెనుకొండలో రైలెక్కి ధర్మవరం పోయి అంజినమ్మ ఇంట్లో రెండురోజులు ఉన్నాను. ఆమె కూతురికి ఆరేళ్ళు. ఆ వీధి చివర బడిలో సెలవుల నాట్యం తరగతి పెట్టారు, కొత్త టీచరు ఎవరో. పోతానని ఆ పిల్ల ఒకటే గొడవ. టీచరమ్మను కదా, నన్ను కూడా అడిగారు. నేను మా బడిలో తల్లులకు చెప్పినట్టే, మంచిదే, నడుము నిలుస్తుంది అని ఏదో గొణిగాను.

గోడకు ఆనుకుని కూర్చున్న కుళ్ళాయమ్మ, వద్దు అన్నది. ఆమె గొంతు వినడం నాకు పదమూడేళ్ళ తర్వాత అదే.

"పంపుతానమ్మా," అన్నది అంజినమ్మ.

"ఈ పిల్లకు కూడా గజ్జె కడ్తారు."

"కట్టనీ. ఈడ ఎవురికీ దాంతో పని లేదు. ఆ దినాలు పాయె."

"పోలేదు," అన్నది కుళ్ళాయమ్మ. "నీ కాలు చూస్తాంటే నాకు పోలేదు."

అంజినమ్మ కోపం లేకుండానే అడిగింది. ఇన్నేళ్ళూ ఆ ఇంట్లో ఆ మాట ఎత్తినట్టు లేదు.

"ఒకటడుగుతా చెప్పు. ఆ పొద్దు నేను కుడికాలు పెడితి బండమీద. నువ్వు దాన్ని తీసేసి ఎడమకాలు పెట్టుకుంటివి. ఎందుకు?"

అంటే ఆ పిల్లకు ముందే తెలుసు. తల్లి పిలిస్తే తనే వచ్చి కూర్చుని కాలు చాపింది. నేను ఆనాడు చూసింది అదన్నమాట. నా చేతిలోని కాఫీ గ్లాసు కింద పెట్టేశాను.

కుళ్ళాయమ్మ కాలిన చేతిని ఒళ్ళో పెట్టుకుని, రెండో చేత్తో దాన్ని నిమురుకుంటూ చెప్పింది.

"ఆట నేర్పిన ఆయమ్మ రోజూ చెప్తాండె గదా, కుడికాలే ముందు పడాలని. గడప కాడ కూచోని వింటాంటి. ఒగటి ఇయ్యకపోతే నిన్ను ఇడిసిపెట్టరు. ముందు పడేదాన్నన్నా ఉంచుదామనుకుంటి. ఎప్పుడన్నా మళ్ళా ఆడుతావేమో అని."

అంజినమ్మ మళ్ళీ ఎప్పుడూ ఆడలేదు. ఒంటికాలితో ఎవరాడతారు? కుళ్ళాయమ్మకు అది తెలియదా అంటే, తెలుసనే నా నమ్మకం. తెలిసి కూడా సగం ఉంచింది.

మర్నాడు పొద్దున పిల్లను తరగతికి పంపారు. పంపేముందు అంజినమ్మ గుమ్మంలో కూర్చుని, మెలిపడిన కాలిని చీర కిందికి మడుచుకుని, కుడికాలితో నేల మీద కొట్టి చూపించింది. చప్పుడు ఒక లెక్కలో, ఆ మండీలో విన్నట్టే పడింది. పిల్ల ఎడమకాలు ఎత్తింది.

"అది కాదు పాపా," అన్నది గోడ దగ్గరి ముసలామె. "కుడికాలు ముందు."